తెలివి తప్పినవాడి చుట్టూ తెలివైనవాళ్లు

మనవైపు మనిషి సొమ్మసిల్లితే తెలివి తప్పాడంటాం. పడ్డవాడికి తప్పిన తెలివంతా చుట్టూ మూగినవాళ్లకి వచ్చి చేరుతుంది. ఆ వచ్చినదాన్ని ఎలా వాడాలో నాలుగు ముక్కలు చెబుతాను.

రోహిణి కార్తెలో బందరు బస్టాండులో వడదెబ్బ తగిలి ఎవరైనా తడబడుతుంటే నీడకి లాగి ఒళ్లంతా తడపకండి. మూగి గాలాపండి, చాలు.

గుడివాడలో పెళ్లి. పంక్తి లేవడం ఆలస్యమైంది. భోజనం వేళకని ఇన్సులిన్ వేసుకున్న పెదనాన్నగారు చెమటలు కక్కుతూ పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. తాగొచ్చాడని తేల్చెయ్యండి. మింగగలిగినంతసేపూ చక్కెర నీళ్లు ఇవ్వకండి. పూర్తిగా పడిపోయాక నోరు పెగల్చి బందరు లడ్డు కుక్కండి. అది ఊపిరిగొట్టంలోకి పోతుందనేవాళ్లకి లడ్డు రుచి తెలియదు.

ఫిట్సు వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టండి. ఒక పక్కకి తిప్పి, తల కింద తువ్వాలు పెట్టి, గడియారం చూస్తూ, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యడం మరీ చప్పటి పని. పైగా చాలా ఫిట్సు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ కీర్తి ఊరికే పోనివ్వడమెందుకు, తాళాలకి రానివ్వండి.

ఇక అసలు విద్య దివిసీమది. వానలు పడి నాట్లు సాగే రోజుల్లో కటిక నేల మీద చాపేసుకోండి. మంచమూ దోమతెరా ఉంటే కట్లపాముకి శ్రమ. అది కరిస్తే చాలాసార్లు చీమ కుట్టినంత కూడా ఉండదు, వాపూ రాదు. తెల్లారుజామున కడుపులో నొప్పంటే రాత్రి చేపల పులుసు మీదికి నెట్టండి. రెప్పలు వాలిపోతుంటే నిద్ర చాలలేదనండి. మాట ముద్దగా వస్తోంటే, గొంతు దిగకపోయినా, గ్లాసుడు మజ్జిగ పట్టండి. పురుగు ముట్టిందేమోనని ఎవరైనా నసిగితే మంత్రగాడి దగ్గరికి బండి కట్టండి. దారిలో అవనిగడ్డ ఆసుపత్రి తగిలితే మొహం తిప్పుకోండి.

2018 ఆగస్టులో ఈ సీమలో పాముకాట్లు పెరిగినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో అధికారులే సర్పశాంతి యాగం చేయించారు. స్వామికి దండం పెట్టిన చేతినే విరుగుడు సూదిమందుకీ చాపవచ్చని కొందరంటారు. రెండూ చేస్తే ఏది పనిచేసిందో ఎలా తేలుతుందండీ?

సరే, మీ మాట వినని కుర్రాడెవడో పాము కరిచిన బాబాయిని ఆసుపత్రిలో చేర్పించేశాడనుకుందాం. అక్కడ తెలివెంతుందో చూసే గ్లాస్గో కొలతని ఒకటుంది, 1974లో పుట్టింది. కళ్లు తెరిస్తే 4, మాటకి 5, కదలికకి 6, వెరసి 15. ఏదీ చెయ్యనివాడికి కూడా 3 మార్కులు వేస్తారు. మా లెక్కల మాస్టారికి అంత దయ ఉండేది కాదు. పిలిస్తే పలకడు, గిల్లితే కదలడు గనక మన బాబాయికీ ఆ మూడే. మీరు చూడాల్సింది అంకె ఒక్కటే. కట్లపాము విషం నరానికీ కండకీ మధ్య కబురు తెంపుతుందే గానీ తెలివి జోలికి పోదనీ, వెంటిలేటరు పెట్టి రోజుల తరబడి ఓపిక పడితే లేచి కూర్చుంటారనీ, కదలలేకపోయినా చెవిన పడేదంతా వింటూ ఉండొచ్చనీ డాక్టర్లు మొత్తుకుంటారు. కళ్లే తెరవనివాడు వినేదేమిటి?

కాబట్టి మంచం చుట్టూ కుర్చీలు లాక్కోండి. బందరు ఇంటి వాటా తేల్చుకోండి. ఆయన ఇచ్చిన చేబదులుకి నోటు లేదన్న సంగతి కూడా అక్కడే, కాస్త గట్టిగానే చెప్పుకోండి. ఖర్చెందుకు, గొట్టం తీయించేద్దామని ఎవరైనా అంటే తలూపండి.

పది రోజులకి ఆయన కళ్లు తెరిచి, గొంతులో గొట్టం తీయగానే, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "చేలో కొబ్బరిచెట్లు ఎవరికన్నావురా?" అని అడిగితే కంగారుపడకండి. దుప్పటి సర్దుతూ, "మగతలో ఏదో కలొచ్చుంటుంది బాబాయ్" అనండి.