బంటు లేదన్నాడు: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

తీగ గూటిలో నుండగా దీపమాడ
లేదు లేదని డ్రైవరు లెక్క జెప్పు
మరల నడిగిన గలదను మాట మార్చి
పాతపాళ్యలో నీపెట్టె బంటు వింత

అవతారిక: బాగేపల్లి తాలూకా పాతపాళ్యలో, బోర్డు కన్నడంలోనూ బేరం తెలుగులోనూ సాగే ఒక కంప్యూటర్ అంగడి. పహణీ ప్రింటుకు జనం నిలబడి ఉండగా లినక్స్ పెట్టె కేబుల్ లేదన్నది. "తీగ తగిలించే ఉండాది గదప్పా, లేదంటాదేమి?" అని ఒక రైతు వేసిన ప్రశ్నకు కవి దగ్గర జవాబు లేక పద్యం చెప్పాడు.

ప్రతిపదార్థం: తీగ = ఈథర్‌నెట్ కేబుల్; గూటిలోన్ = ఆర్‌జే 45 సాకెట్‌లో; ఉండగాన్ = టిక్కుమని కూర్చుని ఉండగా; దీపము = సాకెట్ పక్క పచ్చలైటు; ఆడన్ = మిణుకుతుండగా; డ్రైవరు = నెట్‌వర్క్ కార్డును నడిపే సాఫ్ట్‌వేరు (బాగేపల్లి బస్సు నడిపేవాడు కాడు); ఈ పెట్టె బంటు = ఆ డ్రైవరే.

తాత్పర్యం: స్పష్టము.

విశేషం: స్పష్టం కానిది ఇక్కడుంది. కార్డులో తీగతో మాట్లాడే ఫై (PHY) చిప్పులో ఒకటో రిజిస్టరు, సున్నా నుంచి లెక్కిస్తే రెండో బిట్టు, లింకు సంగతి చెబుతుంది. ఐఈఈఈ 802.3 ప్రమాణం దానికొక వ్రతం పెట్టింది: లింకు రెప్పపాటు తెగినా సున్నాకు పడాలి, ఎవరైనా చదివేదాకా అక్కడే ఉండాలి. అందుకే మొదటి జవాబు జరిగిపోయినదాని గురించి, రెండోది ఇప్పటిది. చింతామణి తాలూకా కైవారం తాతయ్య రాబోయేది చెప్పి కాలజ్ఞాని అయ్యారు. ఈ బిట్టు అయిపోయింది చెప్పి అబద్ధాలకోరు అనిపించుకుంది. ఒక్కసారే చదివే డ్రైవరు మోసపోతుంది, ఎప్పుడూ రెండుసార్లు చదివేదానికి లింకు రెప్పపాటు తెగిన సంగతే తెలియదు. లినక్స్ కెర్నెల్ పెద్దలు మధ్యేమార్గం పట్టారు: అదేపనిగా గమనిస్తూ ఉన్నప్పుడు, లింకు అంతకుముందే పోయి ఉంటేనే రెండోసారి చదవడం. ఇంత ముందుచూపు సూత్రకారులలో అరుదు.

పూర్వపక్షం: దోషం తీగది. కావచ్చు. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతల పోగులు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ఎలుక ఒక్క పోగు కొరికినా కథ మారుతుంది. ముందు కేబులు, స్విచ్‌లో పోర్టు మార్చి చూశాకే బంటును తిట్టాలి. లింకు ఉందో లేదో కెర్నెల్ చూపే 'క్యారియర్' ఫైలు చదివేవారు మాత్రం ముందు ఇంటర్‌ఫేస్‌ను లేపాలి. లేకుంటే ఒకటీ రాదు, సున్నా రాదు, 'ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్' అని చీవాట్లు వస్తాయి.

పాఠాంతరం: "కలదు కలదని డ్రైవరు" అని కొన్ని పాత కార్డుల ప్రతులలో ఉంది. యతి చెడుతుంది గానీ అనుభవంలో అదీ ఉన్నదే: లింకు సంగతి కెర్నెల్‌కు ఎన్నడూ చెప్పని డ్రైవర్లు తీగ పీకేసినా ఉందనే అంటాయి. అప్పుడు లింకు స్థితి చూపే ఈథ్‌టూల్‌ను అడిగీ లాభం లేదు. బల్లకింద దూరి లైటు చూసుకోవాల్సిందే.