గుండె లేని సిలువకు టీకా తాత్పర్యం

మూలం: "మామయ్యా, ఎర్ర సిలువ దొరికింది. మీనా చెక్కుచెదరలేదు. గుండె లేదు. అత్తతో చెప్పకండి."

అవతారిక: రాజపాళెంలో రాజుల ఇంట పోర్చుగల్ బిరుదు పతకాలు పోగుచేసే ఒక మామగారికి, గోవాలో, మడ్‌గావ్ పాతసామాన్ల కొట్టులో నిలబడి మేనల్లుడు పంపిన వాట్సాప్ వాక్యమిది. వెల ఊసు లేదు గనుక వెల ఎక్కువని ధ్వని.

ప్రతిపదార్థం: మామయ్యా = డబ్బు పంపవలసినవాడా; ఎర్ర సిలువ = కొసలు విచ్చుకొని, నడుమ సన్నని తెల్ల సిలువ ఇమిడినది, అనగా క్రీస్తు ఆర్డరు చిహ్నము (పచ్చనిదైతే అవీష్, కత్తి ఆకారమైతే సాంతియాగో; ఆ రెండూ మామగారి అలమరలో ఉన్నవి, అందుకే ఈ ఆత్రము); దొరికింది = ఇంకా కొనలేదు; మీనా = లోహముపై గాజుపొడి పరచి కొలిమిలో కరిగించిన పూత; చెక్కుచెదరలేదు = భూతద్దము పెట్టి చూడలేదు; గుండె లేదు = విశేషము చూడుడు; అత్తతో = ఎవరికి తెలియక మానదో ఆమెతో; చెప్పకండి = నా పేరు చెప్పకండి.

తాత్పర్యం: సుగమము.

విశేషాలు: మీనా ఎగిరిపోయిన చోట రంగు పూసి అమ్మే ఘనులున్నారు. గాజు మీద గుండుసూది జారుతుంది, రంగులో దిగుతుంది. కొట్టువాడు చూస్తుండగా సూది తీయడానికి మాత్రం మొహమాటం ఉండకూడదు.

ఇక 'గుండె లేదు'. ఇక్కడ వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. ఫోను వంటింట్లో చార్జింగులో ఉన్నందున ప్రథమ వ్యాఖ్యాత్రి అత్తగారే. "నాతో చెప్పే గుండె మీ మామకు లేదని వాడి భావం" అని ఆమె అన్వయించింది. ఇది పూర్వపక్షం. అన్వయం తప్పే గాని అర్థం నిజం.

సిద్ధాంతం వేరు. టెంప్లార్ల సంఘాన్ని పోపు 1312లో రద్దు చేయగా, వాళ్ళ ఆస్తులు చేజారకుండా డినీష్ రాజు 1319లో నిలబెట్టుకున్నదే ఈ క్రీస్తు ఆర్డరు. 1498లో గామా ఓడల తెరచాపల మీద కేరళ తీరానికి వచ్చిన సిలువ ఇదే. అప్పటికి దానికి గుండె లేదు. ఒకటో మరియా రాణి కొడుకు పుడితే యేసు తిరుహృదయానికి గుడి కట్టిస్తానని మొక్కుకుంది. కొడుకు పుట్టాడు. లిస్బన్‌లో గుడి లేస్తుండగానే, 1788లో, ఆ కొడుకు మశూచితో పోయాడు. మరుసటేడు ఆమె ఆర్డర్లను సంస్కరించి, సిలువలకు పైన ఎర్రని హృదయం పొదిగించింది. 1910లో రాజరికం పోయింది, ఆర్డర్లూ పోయాయి. పదేళ్ళు తిరగకముందే గణతంత్రం సిలువల్ని మళ్ళీ తెచ్చుకుంది గాని గుండెను తెచ్చుకోలేదు. వేలెడంత పతకంలో కాలం తెలిపేది ఆ ఒక్క చుక్కే.

కనుక 'గుండె లేదు' అంటే మూడర్థాలు. 1789కి ముందుదా? అంతటిది మడ్‌గావ్ కొట్టు మెట్టెక్కదు. గణతంత్రం నాటిదా? అయితే వెల తగ్గాలి. గుండె ఊడిపోయిన రాజరికపు సిలువా? అలాగైతే పైన తెగిన కొక్కెమో, అతుకు మచ్చో కనబడాలి. మేనల్లుడు ఏ అర్థంలో వాడాడో మూలంలో ఆధారం లేదు. కవి యువకుడు.

అత్తగారు ఇక్కడ ఒక ఉపమానం తెచ్చింది. ఇదే రాజపాళెంలో పి.ఎస్. కుమారస్వామి రాజా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యుండీ సొంత ఇంటిని గాంధీ కళామన్రానికి ఇచ్చేశాడు. ఈయన ఊళ్ళోవాళ్ళ బొత్తాలు తెచ్చి ఇంట్లో పెడుతున్నాడు. 'బొత్తాము' పోర్చుగీసు మాటేనని మామగారు జవాబిచ్చారు. 'అలమర' కూడా. ఈ జవాబు ఉపమానానికి తగలదని ఈ టీకాకారుడి అభిప్రాయం.

చివరకు మామగారు రాశారు: "ఊడిందా, పుట్టుకతో లేదా? పైకొస దగ్గర నుంచి ఫొటో తీసి పంపు."

ఫొటో వచ్చింది. అప్పుడు కూడా ఫోను వంటింట్లోనే ఉంది.