ఎండుటాకు పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
ముందు నేను నడతు. మూసి నోరు వెనుక
రండు బాబులార, యెండుటాకు
మీద కాలు పెట్ట మేలుకొను నెలుగు;
పరుగు తీయవద్దు, పటము వద్దు.

అవతారిక. హుమ్మలో రైలు దిగినవాడికి తూర్పున ఉప్పుమళ్లు, పడమట కొండలు. ఉప్పుమళ్లకు దారి చూపేవాడు అక్కర్లేదు. కొండలకు కావాలి. ఖల్లికోట వైపు అడవిలోకి పట్నం మనుషులను వెంటబెట్టుకుని వెళ్లే ఒక పెద్దాయన, చెట్లు మొదలయ్యే చోట అందరినీ ఆపి, కాళ్లకు ఏం తొడుక్కున్నారో ఒకసారి పరకాయించి, చెప్పే నాలుగు మాటలివి. చెప్పింది సగం ఒడియాలో, సగం తెలుగులో. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ సంసారం ఇప్పటికీ ఇక్కడి నోళ్లలో నడుస్తూనే ఉంది. ఆటవెలదిలో బిగించిన పాపం మాత్రం ఈ వ్యాఖ్యాతది. సీసం ఎత్తుకుంటే పద్యం పూర్తయ్యేలోపు ఎండెక్కిపోతుంది.

ప్రతిపదార్థం. బాబులార = ఓ అయ్యలారా (అమ్మలూ ఇందులోకే వస్తారు; వ్యాకరణం ఊరుకున్నా వాళ్లు ఊరుకోరు); నేను = దారి తెలిసిన నేను; ముందు = మీకంటె ముందుగా; నడతు = నడిచెదను; నోరు మూసి = మాటలు మాని; వెనుక = నా వెనుక, ఒకరి వెనుక ఒకరుగా; రండు = రావలసినది; ఎండుటాకు మీద = ఎండి రాలిన ఆకుపైన; కాలు పెట్టన్ = అడుగు వేయగా; ఎలుగు = భల్లూకము; మేలుకొనున్ = నిద్ర లేచును; పరుగు తీయవద్దు = పరుగెత్తరాదు; పటము వద్దు = ఫోటో తీయరాదు.

తాత్పర్యం. చెప్పిన మాట వినండి.

విశేషాలు. కోలాచలం మల్లినాథసూరి, మన మెదక్ సీమవాడు, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు.

"ముందు నేను నడతు" అన్నదాంట్లో సంప్రదాయ భేదాలున్నాయి. జీపులో కూర్చుని పులి కోసం మెడలు సాచేది వేరే శాస్త్రం, దాని జోలి మనకొద్దు. కాలినడక శాఖలో సాత్పురాది పెద్దపేరు. మధ్యప్రదేశ్‌లోని ఆ పులుల అడవిలో గైడు వెంట నడిచి తిరగనిస్తారు. నల్లమలలో అటవీశాఖ వాళ్లే చెంచులను అడుగుజాడలు పట్టే పనికి పెట్టుకున్నారు. ఆ శాఖలో గురువు చదువుకోలేదని శిష్యుడు అనుకుంటాడు, తెల్లారేసరికి ఆ అభిప్రాయం మారుతుంది. అన్ని శాఖలకూ ఒప్పుదల అయిన సంగతి ఒక్కటే: తెలిసినవాడు ముందు, తెలియనివాడు వెనుక. లోకంలో ఇంకెక్కడా ఈ వరుస ఇంత ఖచ్చితంగా అమలు కావడం చూడం.

"మూసి నోరు" అన్నచోట "మూసి ఫోను" అని పాఠాంతరం. ఛందస్సుకు రెండూ సరిపోతాయి, అర్థానికి రెండూ కావాలి. ఇక్కడ ఒక గట్టి పూర్వపక్షం ఉంది. ఎలుగు మనుషుల మీద పడే సందర్భాల్లో ఎక్కువ భాగం అది ఉలిక్కిపడ్డప్పుడే. దాని చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం ఘటికురాలు. గాలి ఎదురుగా వీస్తుంటే మనం దగ్గరికి వెళ్లేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి పారిపోయే తీరిక ఉండదు, కలబడుతుంది. అందుకే ఇప్పపూల వేళ అడవిలోకి వెళ్లే ఊరివాళ్లు గట్టిగా మాట్లాడుకుంటూ, పాడుకుంటూ వెళతారు. మరి ఈయన నోరు మూసుకోమంటాడేమిటి?

దీనికి సిద్ధాంతం ఆయన నడకలోనే దొరుకుతుంది. బండలు పేర్చినట్టుండే మలుపు వచ్చేసరికి ఆయన ఆగుతాడు, గొంతు సవరించుకుంటాడు, చేతికర్రతో చెట్టు మొదలు రెండుసార్లు తడతాడు, కాసేపు చెవి ఒగ్గి అప్పుడు కదులుతాడు. చప్పుడు చేయడం గురువు అధికారం, ఎక్కడ చేయాలో తెలుసు గనక. మనకు తెలిసిన చప్పుడు రియల్ ఎస్టేటు ధరలు, కోడలి ఉద్యోగం. అది ఎలుగును హెచ్చరించదు సరికదా, కొండముచ్చు అరుపును మింగేస్తుంది. చెట్టు మీద కొండముచ్చు ఖంగుమని అరిస్తే కింద దుప్పులు మేత ఆపి తలెత్తుతాయి. ఎటు చూస్తున్నాయో అటే అసలు వార్త. ఈ వార్త వినడానికే మౌనం.

"ఎండుటాకు." ఎండు ప్లస్ ఆకు, టుగాగమం. పద్యానికి ప్రాణం ఈ మాటే. అడవి అంటే పచ్చగా ఉండాలని పట్టుబట్టేవాడు ఫాల్గుణంలో ఇక్కడికి వచ్చి మోసపోయానంటాడు. ఇది ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. నేలలో తేమ తగ్గిందని తెలియగానే ఏగిస, మద్ది, ఇప్ప, తునికి తమ ఆకుల ఖర్చు తగ్గించుకుంటాయి; ఆకు ఉంటే నీరు ఆవిరైపోతుంది మరి. గుగ్గిలం చెట్టు మాత్రం పూర్తిగా మోడు కాకుండానే కొత్త చివురు తొడిగి పూస్తుంది. రాలినవన్నీ చీలమండ లోతున పడి ఉంటాయి. వాటిలో గుగ్గిలం ఆకు పెద్దది, ఎండితే అట్టలా బిరుసెక్కుతుంది. దాని మీద బూటు పడితే వచ్చే చప్పుడు పక్క వాగు దాకా వెళుతుంది. ఆయన అందుకని ఆకు లేని చోటు, రాయి, చీమలు నున్నగా చేసిన బాట, వెతుక్కుంటూ అడుగు వేస్తాడు. మడమ మోపడు, పాదం బయటి అంచు ముందు ఆనించి, బరువు నెమ్మదిగా దింపుతాడు. చూడ్డానికి సులువే. పది అడుగులకే మన తొడలు ఫిర్యాదు చేస్తాయి.

ఇంకో సంగతి: ఎండుటాకుకు ఎలుగు కన్నా పెద్ద శత్రువు అగ్గిపుల్ల. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. ఆకుల్లో కలిసిపోతే ఏరడం కష్టమని చెట్టు కింద ఆకు తగలబెట్టే అలవాటు ఉంది. గాలి తిరిగితే ఆ మంట చెట్టు కింద ఆగదు. బీడీ ముక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. తునికాకు వ్యాపారాన్ని 1973లో ఒడిశా ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. రాలిన ఆకును మాత్రం ఎవరూ జాతీయం చేయలేదు, అందరికీ అది లోకువే. కోస్టారికా దేశంలో గ్వానకాస్తే అని ఇలాంటి ఎండు అడవే ఉంది. పశువుల కోసం ఆఫ్రికా గడ్డి తెచ్చి నాటి, ఏటేటా నిప్పు పెట్టి, అడవిని బయలు చేసుకున్నారు. డేనియల్ జాన్జెన్ అనే శాస్త్రవేత్త, స్థానికులు కలిసి 1980లలో ముందు చేసిన పని మంటలు ఆపడం. అడవి తనంతట తానే తిరిగి రావడం మొదలుపెట్టింది. ఆ అడవి విషయం తెలియకుండానే మన పెద్దాయన గుంపులో బీడీలు, లైటర్లు ముందే జేబుల్లోంచి తీయిస్తాడు. పద్యంలో ఈ నియమం ఇమడలేదు. ఐదో పాదం ఉంటే ఇమిడేది.

"మేలుకొను నెలుగు." పగలు ఎలుగు బండల నీడలోనో పొదలోనో పడుకుంటుంది గనక "మేలుకొను" అన్న క్రియ ఔచిత్యం గలది. చెదలంటే దీనికి ప్రాణం. పుట్టను గోళ్లతో చీల్చి, ముక్కురంధ్రాలు మూసుకుని, పైపళ్లలో మధ్యవి రెండు లేని సందులోంచి చెదలను జుర్రుతుంది. ఆ చప్పుడు నూరు గజాల అవతలికీ వినిపిస్తుంది. దారిలో ఒకచోట ఆయన ఆగి కర్రతో నేల మీద నల్లటి ముద్దనొకదాన్ని విడదీశాడు. లోపల రేగి గింజలు, నిగనిగలాడే రేల గింజలు, పురుగుల రెక్కల తునకలు. గుంపులో ఒకావిడ ముక్కు మూసుకుంది. ఆయన గింజను గోటితో ఎత్తి చూపి, రేల చెట్లు ఇక్కడ ఇన్ని ఎలా మొలిచాయనుకున్నారమ్మా అన్నాడు.

"పరుగు తీయవద్దు." ఎలుగు మనిషి కన్నా వేగంగా పరుగెత్తుతుంది. ఇంతకన్నా వ్యాఖ్యానం అక్కర్లేదు గానీ, చవితినాడు కథ విని అక్షింతలు వేసుకునేవాళ్లం గనక ఒక ఉపపత్తి: జాంబవంతుణ్ణి లొంగదీయడానికి శ్రీకృష్ణుడంతటి వాడికి ఇరవై ఎనిమిది రోజులు పట్టింది. మన దగ్గరున్నది నీళ్ల సీసా, కళ్లజోడు.

"పటము వద్దు." హాస్యం ఇక్కడ ఆపాలి. 2018 మే నెలలో ఒడిశాలోనే నవరంగ్‌పూర్ జిల్లాలో గాయపడిన ఎలుగుతో సెల్ఫీ తీసుకోబోయి ఒకాయన ప్రాణం పోగొట్టుకున్నాడు. పటమే కావాలంటే గంజాం జిల్లాలోనే భేత్నై ఉంది, అక్కడికి వెళ్లవచ్చు. అడవి కూడా అక్కర్లేదు, పొలాల గట్ల మీద నిలబడితే చాలు, కృష్ణజింకలు కనబడతాయి. ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు కృష్ణజింకే గానీ, దాన్ని పైరులో మేస్తుంటే తరమకుండా ఊరుకునే రైతులు ఈ ఊళ్లవాళ్లు. ఒకప్పుడు కరువు పట్టి వానల్లేని కాలంలో జింకలు వచ్చాయని, వాటి వెనకే వాన వచ్చిందని వాళ్ల నమ్మకం. 2021 లెక్కల్లో గంజాంలో 7,358 తేలాయి. నమ్మకానికి ఇంత గట్టి వడ్డీ ముట్టడం అరుదు.

ఛందస్సు: రెండో పాదంలో "రండు", "యెండు" అని ప్రాసయతి. అలంకారం స్వభావోక్తి. రసం భయానకం అని కొందరంటారు. డబ్బు కట్టి వచ్చినవాళ్లకు శాంతమే రాదగినదని ఇంకొందరు. ఈ వ్యాఖ్యాతకు తోచింది వేరు. నాలుగు పాదాలూ తిరగేసి చూడండి: నడుచుట, మూయుట, వచ్చుట, పెట్టుట, మేలుకొనుట, తీయుట ఉన్నాయి. చూచుట లేదు. ఏ జంతువునూ చూపిస్తానని ఆయన మాటవరసకైనా అనలేదు. ఒక్కటి తప్ప అన్ని క్రియలూ మన కాళ్లకీ నోటికీ చేతికీ సంబంధించినవే. ఎలుగుకు ఒక్క క్రియ ఇచ్చాడు, అదీ మనవల్ల జరగకూడనిది.

శంక: అయితే ఏ జంతువూ కనబడకపోతే కట్టిన డబ్బు వాపసు ఇస్తారా?

సమాధానం: ఈ శంక వ్యాఖ్యాతది కాదు, కొండ దిగేటప్పుడు గుంపులో ఒకాయన నిజంగానే అడిగాడు. కనబడితే రెట్టింపు ఇస్తారా బాబూ అని పెద్దాయన ఎదురడిగాడు. ఎవరూ పలకలేదు.