ఏజెంటుగారి ధీమా

తలుపు మీద 'లాగుము' అని రాసి ఉంటే ఆయన నెడతాడు. తలుపు రాదు. మనబోటివాళ్లమైతే నాలుక కరుచుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, మెల్లిగా లాగుతాం. ఆయన ఆ పని చెయ్యడు. రెండడుగులు వెనక్కి వేసి, ఒక కనుబొమ్మ పైకెత్తి, శత్రువులు లోపల గడియ పెట్టుకున్నారని తేల్చేస్తాడు. భుజం ముందుకు పెట్టి పరుగున వస్తాడు. సరిగ్గా అప్పుడే గది ఊడ్చే మనిషి చీపురు పట్టుకుని, తలుపు బయటికి తోసుకుంటూ వస్తుంది. ఏజెంటుగారి ముక్కు పచ్చడవుతుంది. ఆ సాయంత్రం పై అధికారికి వెళ్లిన రిపోర్టులో మాత్రం 'ద్వారం వద్ద తీవ్ర ప్రతిఘటన ఎదురైంది' అని ఉంటుంది. ఆయన దృష్టిలో అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఈయనకు మారుపేర్లు చాలా ఉన్నాయి. పారిస్‌లో ఇన్‌స్పెక్టర్ క్లూసో అంటారు. ఉద్యోగరీత్యా పోలీసే గానీ, గూఢచారుల ఇంటికి దగ్గరి చుట్టం. వాషింగ్టన్‌లో మాక్స్‌వెల్ స్మార్ట్, ఏజెంట్ నంబర్ 86. లండన్‌లో జానీ ఇంగ్లిష్. నెల్లూరులో బోర్డు కట్టినప్పుడు ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ. ఏ ఊళ్లో ఉన్నా కోటు మాత్రం వేసుకుంటాడు. ఆ కోటుకు ఉన్న గాంభీర్యంలో సగం లోపలి మనిషికి ఉంటే ఇన్ని సినిమాలు వచ్చేవి కావు.

పుట్టుక 1960లలో. 1962లో 'డాక్టర్ నో'తో జేమ్స్‌బాండ్ వెండితెరకెక్కాడు. చొక్కా నలగదు, గురి తప్పదు, చేతిలో గ్లాసు ఒలకదు. అంత నున్నటి మనిషిని చూస్తుంటే ఒక్కసారి కాలు జారి పడితే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. మరుసటేడే 'పింక్ పాంథర్' వచ్చింది. ఆ పేరు చూసి గులాబీరంగు చిరుతపులి కథ అనుకున్నవాళ్లు మనలో బోలెడుమంది ఉన్నారు. చిరుత టైటిల్స్‌లో గంతులేసే కార్టూన్ బొమ్మ, కథలో పింక్ పాంథర్ అంటే ఒక వజ్రం. ఆ వజ్రం కోసం కాచుకున్న పెద్దింటి దొంగగా డేవిడ్ నివెన్ ఉన్నాడు, అసలు సినిమా ఆయనదే. పోలీసు క్లూసో వేషం పీటర్ సెల్లర్స్‌ది. ఆఫీసులో గంభీరంగా మాట్లాడుతూ బల్లపక్కనున్న గ్లోబును గిర్రున తిప్పుతాడు. అది ఇంకా తిరుగుతుండగానే దానిమీద చెయ్యి ఆనిస్తాడు. ప్రపంచం ఆయన్ని కింద పడేస్తుంది. లేచి కోటు దులుపుకుంటాడు, మొహంలో మాత్రం ఏ మార్పూ ఉండదు. ఆ లేవడంతోనే సినిమా నివెన్ చేతిలోంచి జారి సెల్లర్స్ జేబులో పడింది. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ దొంగకు లోపాయికారీగా సాయం చేస్తున్నది ఇన్‌స్పెక్టరుగారి సొంత భార్యే. ఆయన ఊళ్లన్నీ గాలిస్తాడు, ఇంట్లో మాత్రం వెతకడు. చివరికి ఆ దొంగ ఈయనే అని కోర్టు నమ్మి, ఈయన్నే జైలుకు పంపుతుంది.

తెలివితక్కువవాళ్లు మనకు కొత్త కాదు. పరమానందయ్య శిష్యులున్నారు, వాళ్లకు గురువుగారి మాట మీద గురి ఉంది. బారిష్టరు పార్వతీశం ఉన్నాడు, పాపం ప్రతిదానికీ బెదురుతూ, తడబడుతూనే సీమకు వెళ్లాడు. ఏజెంటుగారి జాతి వేరు. ఈయనకు బెదురు లేదు, ఎవర్నీ అడగడు. ఈయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాలుగో కాలు కనిపించిందంటే దాన్ని ఎవరో కావాలని అతికించారని, దాని వెనక పెద్ద కుట్ర ఉందని అంటాడు. నన్నడిగితే ఈయన జబ్బు తెలివి లేకపోవడం కాదు, ధీమా. తెలివి లేనివాడు ఎక్కడో ఒకచోట ఆగుతాడు. ధీమా ఉన్నవాడు ఆగడు.

దానికి నిలువెత్తు సాక్ష్యం 2003లో వచ్చిన 'జానీ ఇంగ్లిష్'. మిస్టర్ బీన్‌గా మన ఇళ్లలో పిల్లలందరికీ తెలిసిన రోవన్ ఆట్కిన్సన్ అందులో ఏజెంటు. బీన్‌కూ ఇంగ్లిష్‌కూ తేడా చూడండి. బీన్ పొరపాటు చేస్తే దొంగచూపులు చూస్తాడు. ఇంగ్లిష్ మెడ నిటారుగా పెట్టి నడుస్తాడు. రాజకిరీటానికి కాపలా కాసే పనిలో ఉండి, భద్రతాధికారినే పొరపాటున కొట్టి పడేస్తాడు. ఒప్పుకోవడం ఆయన రక్తంలో లేదు. పక్కగదిలోకి పోయి ఒక్కడే కుర్చీలు విరగ్గొట్టుకుంటూ, తానే అరుచుకుంటూ, లేని దుండగుడితో పోరాడి వస్తాడు. దుండగుడు ఎలా ఉన్నాడని బొమ్మలు గీసేవాళ్లు అడిగితే నోటికొచ్చింది చెబుతాడు: నారింజరంగు ఉంగరాల జుట్టు, కంటిమీద నల్లగుడ్డ, చెంపమీద అరటిపండు ఆకారంలో మచ్చ. వాళ్లు శ్రద్ధగా గీస్తారు. అబద్ధానికి ఫోటో వచ్చాక అది ప్రభుత్వ దస్తావేజు అయిపోతుంది.

అదే సినిమాలో శత్రువు భవనం మీదికి రాత్రివేళ పారాచూట్‌తో దిగుతాడు. పక్కపక్కనే ఒకేలాంటి భవనాలు రెండు ఉంటాయి. ఆయన దిగింది ఆసుపత్రి మీద. మంచాల మీది రోగుల్నీ, తెల్లకోట్ల డాక్టర్లనీ చూసి కూడా అనుమానం రాదు. 'శత్రువులు ఎంత పకడ్బందీగా ఏర్పాటు చేసుకున్నారో!' అన్నట్టు తుపాకీ గురిపెడతాడు. ఇంకోచోట దొంగల బండి అనుకుని శవవాహనం వెంటపడి, ఎవరివో అంత్యక్రియల్లోకి చొరబడి, ఏడుస్తున్న బంధువుల్ని నటన చాలించమంటాడు. వెంట వచ్చిన సహాయకుడు బఫ్ అప్పటికప్పుడు డాక్టరు అవతారమెత్తి, ఈ మనిషి పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకొచ్చాడని నమ్మబలికి, రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోతాడు. సినిమా మొత్తంలో ఏజెంటుగారి గురించి ఎవరైనా చెప్పిన నిజానికి దగ్గరి మాట అదొక్కటే.

మరి ఈయన్ని ఆ కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారు? ఆఫీసులో బల్లముందు కూర్చునే గుమాస్తా ఇంగ్లిష్. ఆయన సరిచూసిన సంకేతం తప్పుపోయి, అగ్రశ్రేణి ఏజెంటు సముద్రంలోనే ప్రాణం వదులుతాడు. ఆ ఏజెంటు అంత్యక్రియలకు మిగిలిన ఏజెంట్లంతా ఒకచోట చేరితే, భద్రత ఏర్పాట్లు ఈయనవే. బాంబు పేలి అందరూ పోతారు. ఇక జాబితాలో మిగిలింది ఈయన పేరొక్కటే. ప్రభుత్వోద్యోగం చేసినవాళ్లకు ఈ పద్ధతి అర్థం చెప్పనక్కర్లేదు, దీన్నే సీనియారిటీ అంటారు.

ఉద్యోగం మాట వచ్చింది గనుక డ్రైఫస్‌ను తలచుకోవాలి. క్లూసో పై అధికారి ఆయన. బుద్ధిమంతుడు, పని తెలిసినవాడు. క్లూసో పేరు వింటే చాలు, కన్ను టపటపా కొట్టుకోవడం మొదలవుతుంది. 1976లో వచ్చిన సినిమాకు ఆ పెద్దమనిషి పూర్తిగా మతి తప్పి, ఒక శాస్త్రవేత్తను ఎత్తుకుపోయి, ప్రళయాయుధం చేయించి, ఐక్యరాజ్యసమితి భవనాన్ని మాయం చేసి, ప్రపంచ దేశాలన్నిటికీ ఒకే ఒక షరతు పెడతాడు: క్లూసోను చంపండి. దేశాలు తమ తమ హంతకుల్ని మ్యూనిక్ బీరు ఉత్సవానికి పంపుతాయి. ఒకడు కత్తి విసిరే సరికి క్లూసో దేనికోసమో వంగుతాడు, కత్తి ఇంకో దేశం హంతకుడికి తగులుతుంది. అలా ఒకరి చేతిలో ఒకరు పోతూనే ఉంటారు. తన చుట్టూ యుద్ధం జరుగుతున్నదని ఆయనకు తెలియనే తెలియదు. నక్కను తొక్కి వచ్చినవాడికి తుపాకీ ఏం చేస్తుంది? నాకు మాత్రం ఆ సినిమాలో జాలి కలిగేది డ్రైఫస్ మీదనే. పని చేతకానివాడి కింద పనిచేసినవాళ్లకు సాటివాళ్ల ఓదార్పు ఉంటుంది. పని చేతకానివాడి మీద అధికారిగా ఉన్నవాడికి దిక్కెవరు?

ఇక పరికరాలు. 1965లో అమెరికా టీవీలో 'గెట్ స్మార్ట్' మొదలైంది, మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ సృష్టి. అందులో మాక్స్‌వెల్ స్మార్ట్‌కు బూటులోనే ఫోను. అది మోగితే నడివీధిలో బూటు విప్పి, అడుగుభాగం చెవికి ఆనించి మాట్లాడాలి. అంతకన్నా గొప్పది మౌనగోళం. రహస్యం మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా మాక్స్ దాన్ని దించమని పట్టుబడతాడు. పై అధికారి మొహం మాడ్చుకుని మీట నొక్కుతాడు. కప్పునుంచి గాజులాంటి పెద్ద ప్లాస్టిక్ బోను దిగి ఇద్దరి తలల్నీ మూస్తుంది. అంతే, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినపడదు. 'ఏమిటీ?' అంటే 'ఏమిటీ?' అని గొంతు చించుకుంటారు. ఒక్కోసారి బయట నిలబడ్డవాడికే లోపలి మాట శుభ్రంగా వినిపిస్తుంది. ఆ మరుసటి వారం మాక్స్ మళ్లీ దాన్నే దించమంటాడు. నియమావళిలో ఉంది కదా!

ఇదంతా రచయితల అతిశయోక్తి అని కొట్టిపారేయకండి. సరిగ్గా అవే రోజుల్లో అమెరికా సీఐఏవారు బతికున్న పిల్లికి ఆపరేషన్ చేసి, ఒంట్లో మైకు అమర్చి, గూఢచర్యానికి పంపాలని చూశారు. పిల్లికి ఆకలేస్తే దేశభద్రత గుర్తుండదని తెలుసుకుని 1967లో ఆ పథకం మానుకున్నారు. ఆ కాగితాలు 2001లో బయటపడ్డాయి. మాస్కో పార్కులో బ్రిటన్‌వాళ్లు రేడియో యంత్రం దాచిన ఉత్తుత్తి బండరాయిని పెట్టారని 2006లో రష్యా టీవీ చూపిస్తే, అది నిజమేనని నాటి ప్రధాని కార్యాలయంలో పనిచేసిన పెద్దమనిషే 2012లో ఒప్పుకున్నాడు. సినిమా రచయితలు పిల్లి సంగతి రాసి ఉంటే నిర్మాత అతిగా ఉందని కొట్టేసేవాడు.

మన దగ్గర బాండ్ గాలి తొందరగానే వీచింది. 1966కే కృష్ణ 'గూఢచారి 116' అయ్యాడు. తర్వాత ఆ తుపాకులూ, టోపీలూ, నల్లకళ్లద్దాలూ చాన్నాళ్లు గంభీరంగానే నడిచాయి. 1986లో మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలను జంధ్యాల 'చంటబ్బాయ్'గా తీసి, చిరంజీవి చేత డిటెక్టివ్ పాండురంగారావు వేషం వేయించి నవ్వించాడు. 2019లో నవీన్ పోలిశెట్టి నెల్లూరు ఏజెంటుగా వచ్చాడు. ఆత్రేయగారి సంస్థ పేరు ఎఫ్‌బీఐ. అమెరికాది అనుకునేరు, ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. చదువు ఎక్కడ అయిందయ్యా అంటే, సినిమాలు చూసి.

మనవాడికీ తెల్లదొరకూ ఇక్కడే తేడా. జానీ ఇంగ్లిష్ వెనక ఖజానా ఉంది. కార్లు తగలబెట్టినా నెల జీతం ఆగదు. మన ఏజెంటు ప్రైవేటు మనిషి, కేసు వస్తేనే కాసులు. నేరం జరిగిన చోట ఈయన కనబడితే పోలీసులు సెల్యూట్ చెయ్యరు, లోపల వేస్తారు. అందుకే మనవాడి ధీమాలో కొంచెం ఆకలి కూడా కలిసి ఉంటుంది, నవ్వుతూనే అయ్యోపాపం అనుకుంటాం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన ప్రేక్షకులు హీరోని క్లైమాక్స్ దాకా వెర్రివాడిగా ఉండనివ్వరు. ఇంటర్వెల్ దాటేసరికి తెలివి రావాల్సిందే, ముడి విప్పాల్సిందే. ఆత్రేయ కూడా రైలుపట్టాల పక్కన దిక్కులేని శవాల గుట్టు తేల్చి మొనగాడయ్యాడు. బ్రిటన్‌వాళ్లది మొండి గుండె. ఇంగ్లిష్‌ను మొదటినుంచి చివరిదాకా ఎలా ఉన్నవాణ్ణి అలాగే ఉంచుతారు. శత్రువు పట్టాభిషేకం నాడు ఆర్చిబిషప్పు నకిలీవాడని నిరూపించడానికి నిండుసభలో ఆయన వెనకవైపు బట్టలు లాగేస్తాడు. వెతికిన పచ్చబొట్టు అక్కడ ఉండదు. ఆ తొక్కిసలాటలో కిరీటం వచ్చి ఈయన నెత్తిమీదే పడి, కాసేపు ఇంగ్లండ్‌కు రాజే అవుతాడు. రాజ్యం రాణిగారికి తిరిగి ఇచ్చేస్తూ ఆయన కోరుకున్నది ఒక్కటే, పేరుకు ముందు 'సర్' బిరుదు. ధీమాగలవాడికి కావలసింది రాజ్యం కాదు, విజిటింగ్ కార్డు.

మరి పని చేసేది ఎవరు? ఎప్పుడూ పక్కనున్నవాళ్లే. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అచ్చం అదే. బఫ్ ఆధారాలు చూపిస్తాడు, దారి చెబుతాడు, సందు దొరికితే కాపాడతాడు. ఇంగ్లిష్ ఆ మాటనే అయిదు నిమిషాలాగి తన మాటగా చెబుతాడు. 2011లో రెండో సినిమాకు ఆ చాకిరీ టక్కర్ అనే కుర్రాడికి వచ్చింది. ఆ వేషం వేసిన డేనియల్ కలూయాకు తర్వాత పదేళ్లకు వేరే సినిమాలో ఆస్కార్ వచ్చింది, అదీ సహాయ నటుడి విభాగంలోనే. క్లూసో ఇంట్లో పనివాడు కేటోది మరీ దారుణం. అయ్యగారు ఏమరుపాటు లేకుండా ఉండాలి గనుక, ఏ వేళనైనా చాటునుంచి దూకి కొట్టాలని అయ్యగారి ఉత్తర్వు. ఇల్లంతా విరిగిపోయేలా కొట్టుకుంటుండగా ఫోను మోగితే, కేటో పోరాటం ఆపి, మర్యాదగా ఫోనెత్తి 'ఇన్‌స్పెక్టరుగారి ఇల్లండీ' అంటాడు. ఆ ఇంట్లో ఎప్పుడు ఏం చెయ్యాలో తెలిసినవాడు ఆయనొక్కడే.

అందరికన్నా ఎక్కువ కష్టపడింది 'గెట్ స్మార్ట్'లోని ఏజెంట్ 99, పాత్రధారిణి బార్బరా ఫెల్డన్. మాక్స్ పక్కన నిలబడితే ఎత్తు ఎక్కువ, తెలివి ఇంకా ఎక్కువ. బోల్తా కొట్టిన ప్రతి పథకాన్నీ నిలబెట్టింది. ఆయన్ని పెళ్లి చేసుకుంది, కవలల్ని కన్నది. 1970 దాకా అయిదు సీజన్లు, 138 భాగాలు నడిచాయి. ఆయన పేరు మాక్స్‌వెల్ స్మార్ట్ అని మొదటి భాగంలోనే తెలుస్తుంది. ఆమె అసలు పేరేమిటో ఆ 138 భాగాల్లో ఎక్కడా చెప్పలేదు.