ఫై ఎక్స్ 174: ఒక ఫేజ్ స్వీయచరిత్ర

ఇక్కడ తన చరిత్రను తానే చెప్పుకుంటున్నది ఒక ఫేజ్, అంటే బాక్టీరియాకు మాత్రమే సోకే వైరస్. అయితే శాస్త్రగ్రంథాల మర్యాదను పాటించి అది తన్ను తాను ప్రథమపురుషలోనే ప్రస్తావించుకుంటుంది. దాని పేరు ఫై ఎక్స్ 174. ఎశ్చరీషియా కోలై అనే పేగు బాక్టీరియా దానికి ఆశ్రయం, ఆహారం రెండూను. 1935లో పారిస్‌లో దీన్ని లోకానికి పరిచయం చేసిన ఇద్దరిలో ఒకరైన నికొలాయ్ బుల్గాకోవ్, రష్యన్ నవలాకారుడు మిహయీల్ బుల్గాకోవ్‌కు తమ్ముడు కావడం వైరస్ గొప్పతనమేమీ కాదు గాని, ఇంతటి సాహిత్య బాంధవ్యం ఉన్న ఫేజులు అరుదు.

దీని దేహం సుమారు 30 నానోమీటర్ల ప్రోటీన్ గుల్ల. అందులో ఇమిడి ఉన్న జీనోమ్, అనగా జన్యు సమాచారమంతా, 5,386 న్యూక్లియోటైడ్ల, అంటే డీఎన్‌ఏ అక్షరాల, పొడవున్న వలయాకారపు డీఎన్‌ఏ. డీఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో ఎడినిన్ (ఎ) ఎంత ఉంటే థైమిన్ (టి) అంతే ఉండాలన్న నియమం రెండు పోచలు జతకూడి ఉండటం వల్ల ఏర్పడినది కాగా, ఈ వైరస్‌లో థైమిన్ పాలు స్పష్టంగా ఎక్కువగా కనిపించడంతో, దీని డీఎన్‌ఏకు ఉన్నది ఒకే పోచ అని రాబర్ట్ సిన్‌షైమర్ 1959లో నిరూపించాడు. బాక్టీరియాలోకి చొరబడిన తరువాత ఆ ఒంటిపోచకు జతపోచను అల్లిపెట్టేది ఆశ్రయకణపు ఎంజైములే. పిల్ల వైరస్‌లు తయారైన పిదప కణకవచ నిర్మాణానికి అడ్డుపడి కణాన్ని పగలగొట్టే పని మాత్రం వైరస్ తన సొంత ప్రోటీన్‌తోనే చేయించుకుంటుంది. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో ఆర్థర్ కోర్న్‌బర్గ్, మెహ్రాన్ గూలియన్ అనేవారు సిన్‌షైమర్‌తో కలిసి ఈ డీఎన్‌ఏకు పరీక్షనాళికలో నకలు తీయగా, ఆ నకలు కూడా బాక్టీరియాకు సోకింది.

మరోవైపు ఒక లెక్క కుదరక శాస్త్రజ్ఞులు తికమకపడుతున్నారు. మూడు అక్షరాలు కలిసి ప్రోటీన్‌లోని ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి కనుక, ప్రోటీన్ల పొడవు తెలిస్తే వాటికి కావలసిన డీఎన్‌ఏ ఎంతో చెప్పవచ్చు. అయితే ఈ వైరస్ తయారుచేసే ప్రోటీన్లన్నిటినీ కూడితే వచ్చే మొత్తం దాని జీనోమ్‌లో పట్టేది కాదు. ఈ ముడి విప్పినది ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడరిక్ సాంగర్ బృందం. 1977 ఫిబ్రవరిలో ఆ బృందం ప్రకటించిన వరుసక్రమం ఒక జీనోమ్‌ను డీఎన్‌ఏగా ఆసాంతం చదివిన మొదటి సందర్భం. దానికి ముందే, 1976లో, బెల్జియంలో వాల్టర్ ఫీయెర్స్ బృందం ఎంఎస్2 అనే ఆర్‌ఎన్‌ఏ ఫేజ్‌ను పూర్తిగా చదివింది కనుక, మొట్టమొదటి జీనోమ్ అనే బిరుదుకు ఈ వైరస్ పూర్తి హక్కుదారు కాదన్న సంగతి దాచిపెట్టదగినది కాదు. మొదట 5,375గా ప్రకటించిన పొడవును మరుసటి ఏడాది 5,386గా సవరించారు.

కుదరని ఆ లెక్కకు జవాబుగా ఆ వరుసలో బయటపడినది అతివ్యాప్త జన్యువులు, అంటే ఒకే డీఎన్‌ఏ భాగాన్ని పంచుకునే జన్యువులు. 'డి' అనే జన్యువు 390వ అక్షరం నుంచి 848వ అక్షరం వరకు సాగి, గుల్ల నిర్మాణానికి ఊతంగా నిలిచే 152 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌ను ఇస్తుంది. దాని కడుపులోనే, 568వ అక్షరం నుంచి 843 వరకు, కణాన్ని పగలగొట్టే 'ఇ' అనే జన్యువు ఉంది. అక్షరాలు అవే, కాని మూడేసిగా విడదీసే చోటు ఒక అక్షరం జరగడంతో పుట్టే ప్రోటీన్ పూర్తిగా వేరు. పింగళి సూరన రాఘవపాండవీయంలో పదాల విరుపు మార్చితే రామకథ భారతకథ కావడం తెలిసిన పాఠకులకు ఈ సభంగశ్లేష కొత్త కాదు. కాకపోతే ఇక్కడ ప్రతి అక్షరమార్పునూ రెండు అర్థాలూ భరించవలసి రావడం వల్ల తప్పుకు తావు తక్కువ. 'డి' ముగిసే చోటు ఇంకా ఇరుకు: అక్కడి వరుస టి, ఎ, ఎ, టి, జి. మొదటి మూడూ 'డి'కి ముగింపు సంకేతం, చివరి మూడూ తరువాతి 'జె' జన్యువుకు ఆరంభ సంకేతం, నడిమి 'ఎ' రెండింటికీ ఉమ్మడి.

దీనిని పొదుపు అని పండితులు మెచ్చుకున్నారు. వైరస్ దృష్టిలో అది గుణం కన్న గత్యంతరం లేకపోవడమే, ఎందుకంటే గుల్ల పరిమాణం డీఎన్‌ఏ పొడవుకు హద్దు గీస్తుంది. అయితే 2012లో స్టాన్‌ఫర్డ్‌లో డ్రూ ఎండీ తదితరులు అతివ్యాప్తులన్నిటినీ విడదీసి రాసిన జీనోమ్ కూడా బతికి బాక్టీరియాకు సోకడంతో, ఈ ఇరుకు అంత అనివార్యమైనదేనా అన్న సందేహం మిగిలింది. దశాబ్దాలుగా దక్కిన మెప్పులో కొంత కోత పడక తప్పలేదు. అంతకుముందే, 2003లో, క్రెయిగ్ వెంటర్, హామిల్టన్ స్మిత్, క్లైడ్ హచిసన్ ప్రభృతులు రసాయనికంగా తయారైన చిన్న డీఎన్‌ఏ ముక్కలను 14 రోజుల్లో కూర్చి వైరస్ అసలు జీనోమ్‌ను పునర్నిర్మించారు. వారిలో హచిసన్ 1977 నాటి సాంగర్ బృందంలోనూ సభ్యుడు.

నేడు ఈ వైరస్‌కు బాక్టీరియాలో కన్నా యంత్రాల్లోనే పని ఎక్కువ. ఇల్యుమినా సీక్వెన్సింగ్ యంత్రాలు అక్షరాలను సరిగా చదువుతున్నాయో లేదో సరిచూసేందుకు, ప్రతి అక్షరమూ తెలిసినదీ, జంటపోచ రూపంలో నాలుగు అక్షరాలూ దాదాపు సమపాళ్లలో ఉన్నదీ అయిన దీని డీఎన్‌ఏను నమూనాలో కొద్దిగా కలుపుతారు. చదివిన తరువాత ఆ భాగాన్ని తొలగించడం మరచినచోట అది అసలు నమూనాలోదే అనిపించేలా మిగిలిపోతుంది. బహిరంగ డేటాబేసుల్లోని వెయ్యికి పైగా సూక్ష్మజీవి జీనోముల్లో ఇలాంటి ముక్కలు చేరినట్లు 2015లో వెల్లడైంది. తానెన్నడూ సోకని బాక్టీరియాల జీనోముల్లో కూడా దీని పేరు ఆ విధంగా నమోదైంది. అందువల్ల ఇప్పుడు విశ్లేషకులు ముందుగా ఈ 5,386 అక్షరాలతో సరిపోలే ముక్కలన్నిటినీ వడపోసి పారేస్తున్నారు. మురుగునీటిలో కొత్త ఫేజుల కోసం వెతికేవారు అదే వడపోతను యథాలాపంగా వాడితే, దీనికి అతిసమీప బంధువులైన నిజమైన ఫేజుల డీఎన్‌ఏ కూడా ఆ చెత్తతోపాటే పోయే ప్రమాదం ఉంది.