ద్రాక్షారామంలో నా రాత్రి కొలువు

నేను ఏఎండీ రైజెన్ 9 5950ఎక్స్ ప్రాసెసర్‌ని. మా రకం 2020 నవంబరులో బజారుకొచ్చింది. నాలో కోర్లు 16, థ్రెడ్లు 32. ద్రాక్షారామంలో భీమేశ్వరాలయానికి దగ్గర్లోని ఓ మేడగది నా కొలువు. నన్ను కొన్న కుర్రాడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తూ, హైదరాబాద్ స్టూడియోలకు వీఎఫ్‌ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) షాట్లు చేసిపెడతాడు. 2012లో వచ్చిన 'ఈగ' సినిమా చూశాకే ఈ పనిమీద మనసు పడిందట. మకుట సంస్థ చేసిన ఆ సినిమా ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు వచ్చిందని ఇప్పటికీ మురిసిపోతాడు.

మొదట అతని చూపు 32 కోర్ల థ్రెడ్‌రిప్పర్ 3970ఎక్స్ ప్రాసెసర్ మీద ఉండేది. కారణం రెండరింగ్, అంటే సీనును లెక్కగట్టి ఒక్కో ఫ్రేమును బొమ్మగా తీయడం. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. అయిదు సెకన్ల షాట్‌కి 120. ఒక్కో ఫ్రేము రెండరింగ్‌కి పది నిమిషాలు పడితే మొత్తం 20 గంటలు.

"కోర్లు రెట్టింపైతే టైము సగమైపోద్ది కదరా, అదే కొనుక్కో" అన్నారు వాళ్ళ నాన్నగారు.

"రెండరింగ్ వరకూ దాదాపు నిజమేనండీ. పగలంతా నేను చేసే పని వేరు కదా నాన్నగారూ!"

అతను చెప్పింది నిజం. మనుషులు పెరిగితే నాట్లు త్వరగా అవుతాయి; నారు ఎదగడానికి పట్టే రోజులు పట్టాల్సిందే. రెండరింగ్ నాట్ల లాంటిది. ఆర్నాల్డ్ సాఫ్ట్‌వేర్ బొమ్మను గళ్ళుగా విడదీస్తే, నా థ్రెడ్లు, అంటే నాలో ఒకేసారి సాగే పనివరసలు, తలా ఒక గడి అందుకుంటాయి. ఉదాహరణకి, ఒక కోనేటి షాట్‌లో ఆకాశం గళ్ళు ఇట్టే అయిపోతాయి. నీటి గళ్ళ దగ్గరే ఆలస్యం, వెలుగు ఎక్కడెక్కడ తగిలి వచ్చిందో వెతకాలి. అదే అలల్ని కదిలించాలంటే, ఈ ఫ్రేములో నీరెక్కడుందో తేలందే తర్వాతి ఫ్రేము మొదలవదు. బొమ్మకు కదలికలు దిద్దేటప్పుడూ ఒక్కో కోరు వేగం చాలా ముఖ్యం. అక్కడ నేను 4.9 గిగాహెర్ట్జ్ దాకా పరుగెడతాను.

నా పవర్ రేటింగ్ 105 వాట్లు, థ్రెడ్‌రిప్పర్‌ది 280. మా ఎండలకీ ఉక్కపోతకీ అది చిన్న తేడా కాదు. 90 డిగ్రీలకు చేరితే నా వేగం నేనే తగ్గించుకుంటాను; అందుకే కూలర్ దగ్గర అతను పొదుపు చేయలేదు. గ్రాఫిక్స్ కార్డు నాకంటే వేగంగా రెండర్ చేయగలదు. కానీ పెద్ద సీను 24 జీబీ మెమరీ ఉన్న కార్డులో పట్టనప్పుడు, 128 జీబీ ర్యామ్‌తో ఆ బరువు నేనెత్తుకుంటాను.

కరెంటు పోయినా కంగారు లేదు. ప్రతి ఫ్రేమూ విడి ఫైలుగా సేవ్ అవుతుంది కాబట్టి, ఆగిన ఫ్రేము నుంచే మళ్ళీ మొదలుపెడతాం.

ప్రాసెసర్ కొనబోయేవాళ్ళకు నా మాట ఒక్కటే: పెద్ద అంకె చూసి మోజుపడకండి. మీ సీనే ఇచ్చి ఒక ఫ్రేము తీయించండి, పగటి పనీ చేసి చూడండి. మీ టైము ఎక్కడ పోతోందో అక్కడే డబ్బు పెట్టండి.