ఆటలో అరటిపండు: సటీకా తాత్పర్యము

అవతారిక

టెక్కలి దాటి పలాస వైపు వస్తూ, హైవే దిగి సముద్రం వైపు తిరిగితే ఉద్దానం. అక్కడొక ఊరు. పేరు చెప్పను, చెబితే రెండు టీములవాళ్లూ నా మీదికొస్తారు. వేసవి టోర్నమెంటు, టెన్నిస్ బంతి, పన్నెండేసి ఓవర్లు. మొదటి మ్యాచికి ముందురాత్రి టీకొట్టు బెంచీ మీద టీము రాయడానికి కూచున్నారు. పది పేర్లు ఒక టీ తాగేలోపు అయిపోయాయి. పదకొండో పేరుకి ఇంకో మూడు టీలు పట్టాయి.

వాదం ఇది. కెప్టెను: “ఆడికి బేటింగు రాదు, బౌలింగు రాదు. ఆణ్ని ఎట్టుకుని ఏటి సేస్తాం బావా?” అవతలి బావ: “బంతి తోటలోకెల్తే నువ్వెల్తావేటి మరి?” చుట్టూ పదిమంది. పదిమందికీ అభిప్రాయాలున్నాయి, ఒక్కడికీ సందేహం లేదు. వినీ వినీ నాకొక పద్యం తట్టింది. నా పద్యానికి టీక రాసే పండితుడు ఈ చుట్టుపక్కల దొరకడు కనక ఆ పనీ నేనే చేస్తున్నాను. కాళిదాసుకి వ్యాఖ్యానం రాసిన మన మెతుకుసీమ మల్లినాథసూరి, కవి మనసులో ఏముందో ఊహించుకోవలసి వచ్చింది. నాకా బాధ లేదు. మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ఆయన ప్రతిజ్ఞ కూడా చేశాడు. ఆ ప్రతిజ్ఞ నేను చెయ్యడం లేదు.

మూలము

బ్యాటు పట్టలేడు బంతి వెయ్యగలేడు
జీడితోట దూరి చెండు తెచ్చు
ఆటలోన వాడె యరటిపం డన్నారు
చివరి లిస్టులోన చేర్చలేదు

ఛందస్సు ఆటవెలది. ఆట మీద పద్యానికి ఇంకే ఛందస్సు పెట్టినా అన్యాయమే. రెండో పాదంలో ‘జీ’కీ ‘చె’కీ యతి. మకుటం లేదు. మకుటం పెట్టడానికి ఎవరి పేరు చేర్చాలన్నదే కదా అసలు తగాదా.

ప్రతిపదార్థము

బ్యాటు = కర్ర. పట్టలేడు = చేతబట్టలేనివాడు. ఇక్కడ ముఖ్యార్థం కుదరదు. ఎందుకంటే కిట్టుబ్యాగు మొత్తం భుజానేసుకుని మైదానానికి తెచ్చేవాడు వాడే. మూడు బ్యాట్లూ ఒక్కసారే పట్టగలడు. కనక లక్షణార్థం చెప్పుకోవాలి: పట్టిన బ్యాటుకి బంతి తగలదని భావం.

బంతి వెయ్యగలేడు = వేస్తాడు గాని అది పిచ్చి మీద పడదు. వివరణ అనవసరం.

జీడితోట = ఇక్కడ టీకాకారుడు కాస్త ఆగాలి. ఉద్యానవనమే ఉద్దానమైందంటారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరీ, జీడీ, పనసా కలిసి పెరిగే నేల ఇది. పిక్కలు పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీలకి 80 కిలోల బస్తాల లెక్కన వెళ్తాయి. జీడిచెట్టు పొడుగ్గా పెరగదు, వెడల్పుగా పెరుగుతుంది. కొమ్మలు నేలని రాసుకుంటూ ఉంటాయి. కింద మోకాలి మందాన ఎండుటాకు. ఆకుపచ్చ టెన్నిస్ బంతి అందులో పడిందంటే, అది పడ్డచోటు పడ్డప్పుడే చూసి గుర్తుపెట్టుకున్నవాడికి తప్ప దొరకదు.

పైగా టోర్నమెంటు జరిగేది వేసవిలో, పిక్క రాలే కాలంలో. ఆ రోజుల్లో తోటకి కాపలా ఉంటుంది. బంతి కోసం దూరినవాడూ పిక్కల కోసం దూరినవాడూ కాపలామనిషికి ఒక్కలాగే కనిపిస్తారు, ఇద్దరూ వంగే ఉంటారు గనక. మన నాయకుడు (కావ్యనాయకుడు, కెప్టెను కాదు) ఏ తోటలోకి వెళ్లినా, “ఎవల్రా అది?” అన్న కేక వినబడగానే, “నానే మావా, బంతికి!” అంటాడు. మావ నమ్ముతాడు. ఈ నమ్మకం సంపాదించడానికి నాలుగు వేసవులు పట్టింది. సెంచరీ కొట్టడానికి అంత కాలం అక్కర్లేదు. ఇక సాయంత్రమైతే తోటలో ఎలుగుబంటి. ఇది కవిసమయం కాదు. ఉద్దానం ఎలుగులు మనుషుల ప్రాణాలు తీసిన సంగతి అందరికీ తెలుసు. అందుకే పొద్దు వాలాక బంతి పోతే పోయిందే, నాయకుడితో సహా ఎవరూ వెళ్లరు.

పాఠాంతరం: సముద్రపు ఒడ్డు ఊళ్లవాళ్లు ‘జీడితోట’కి బదులు ‘మొగలిడొంక’ అని చదువుతారు. గణాలు కుదిరాయి, యతి చెడింది. అయినా వాళ్లు ఒప్పుకోరు. ముళ్లు గీరుకున్న చేతులు చూపించి, యతి గొప్పా ఇది గొప్పా అంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటి కొబ్బరినీ జీడినీ వేళ్లతో పెకిలించి పడేశాక, కొన్నాళ్లపాటు ‘జీడిమోడు’ అన్న పాఠమే సరైనది. ఆ పాఠం ఎవరికీ ఇష్టం లేదు.

దూరి = వంగి, పాకి, అవసరమైతే బోర్లా పడుకుని.

చెండు = బంతి. మొదటి పాదంలో ‘బంతి’ అన్నవాడు ఇక్కడ ‘చెండు’ ఎందుకన్నాడు? యతి కోసమని తేలిగ్గా తీసేస్తారు కొందరు. కాదు. తోటలోకి వెళ్లేటప్పుడు అది బంతే. జీడిపండు రసం పూసుకుని, రెండు ఆకులు అంటించుకుని బయటికి వచ్చేటప్పుడు మాత్రం పూలచెండులా ఉంటుంది.

తెచ్చు = తెస్తాడు. ఇక్కడ ఒక ధర్మశాస్త్ర విషయం ఉంది. మా మైదానానికి పడమటి తోట దగ్గర, అందులో పడితే ‘టూడీ’, అనగా రెండు పరుగులు డిక్లేర్డు, ఆట ఆగుతుంది. తూర్పు తోట దూరం. దానికి డీ లేదు. బంతి వచ్చేదాకా ఎన్ని పరిగెడితే అన్ని. క్రికెట్టు చట్టాల్లో ‘లాస్ట్ బాల్’ అని ఒక సూత్రం ఉండేది. ఫీల్డరు ఆ మాట అరిస్తే ఆరు పరుగులిచ్చి బంతిని చచ్చినట్టు లెక్కేసేవారు. 2017లో చట్టాలు తిరగరాసినప్పుడు దాన్ని విడిసూత్రంగా తీసేసి, చచ్చిన బంతి సూత్రంలోనే కలిపేశారు. లండను పెద్దలకి తూర్పు తోట సంగతి తెలియదు. మాకు బంతి తెచ్చేవాడు అరనిమిషం ఆలస్యమైతే స్కోరుబోర్డు తిరిగిపోతుంది.

ఆటలోన అరటిపండు = జట్టులో ఉండీ లెక్కలో లేనివాడు. చిన్నపిల్లలు ఏడుస్తారని ఆడనిచ్చి, ఔటైనా ఔటు లేదు, పట్టినా పట్టు లేదనే పద్ధతి. జీడిసీమలో అరటిపండెందుకు, ‘ఆటలో జీడిపప్పు’ అనకూడదా? కూడదు. జీడిపప్పు ధర తెలిసినవాడెవడూ దాన్ని లెక్కలోంచి తియ్యడు.

అన్నారు = ఎవరు? కర్త లేదు. బెంచీ అంతా అంది.

చివరి లిస్టు = ఈ మాట మా డాలస్ మేనల్లుడికి చెబితే, “మావయ్యా, ఇక్కడా ఇదే గొడవ” అన్నాడు. వాడక్కడ వాళ్ల ఫుట్‌బాల్ చూస్తాడు, కోడిగుడ్డులా కోలగా ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఒక్కో టీముకి చివరి లిస్టులో 53 మంది. దాడి చేసేవాళ్లు వేరు, అడ్డేవాళ్లు వేరు. ఇవి కాక బంతిని కాలితో తన్నే ఘట్టాలున్నాయి, వాటికి దిగే బృందాన్ని స్పెషల్ టీమ్స్ అంటారు. ఏటా ఆగస్టు నెలాఖరుకి జాబితా కుదించేటప్పుడు, తన్నిన బంతి వెనక పరిగెత్తి పట్టుకున్నవాణ్ని పడగొట్టడం తప్ప ఇంకేమీ చెయ్యనివాడికి ఒక చోటివ్వాలా వద్దా అని అభిమానులు జుట్లు పీక్కుంటారు. బఫెలో టీముకి స్టీవ్ టాస్కర్ అని ఒకడుండేవాడు. పేరుకి బంతి అందుకునే ఆటగాడు, నిజానికి ఈ పరుగుపనే. దాంతోనే ఏడుసార్లు ఆ దేశపు మేటి ఆటగాళ్ల వరసలో కూచున్నాడు. బంతిని తన్నడం ఒక్కటే వృత్తిగా బతికిన రే గై 2014లో వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. “అంటే అరటిపండుకి గుడి కట్టారన్నమాట” అన్నాను. “ఒకటీ అరా పండ్లకే మావయ్యా, గెల మొత్తానికి కాదు” అన్నాడు.

చేర్చలేదు = స్పష్టము.

విశేషాంశములు

ఆక్షేపణ: ఒక్క విద్య వచ్చినవాణ్ని తీసుకుంటే మూడు విద్యలవాడికి చోటు పోతుంది కదా?

ఈ ఆక్షేపణ కెప్టెనుది కాదు, తెలుగువాళ్లందరం 2019లో విన్నదే. ఆ ఏప్రిల్ 15న ప్రపంచకప్పుకి 15 మంది పేర్లు ప్రకటించారు. ప్రకటించిన సెలక్షన్ కమిటీ అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్ గుంటూరు ప్రాంతంవాడు. పేరు లేకపోయిన అంబటి రాయుడూ గుంటూరులో పుట్టినవాడే. విజయ్ శంకర్ బ్యాటింగు చేస్తాడు, బంతి వేస్తాడు, ఫీల్డింగులో చురుకు, కనక మూడు కొలతలవాడని ప్రసాద్ వివరణ. మర్నాడు రాయుడు, ప్రపంచకప్పు చూడ్డానికి కొత్త త్రీడీ కళ్లద్దాలకి ఆర్డరిచ్చానని ట్వీట్ చేశాడు. మా ఊళ్లో టూడీ తెలిసిన కుర్రాళ్లు త్రీడీ అంటే తోటలో పడితే మూడు పరుగులని మొదట అనుకున్నారు.

రాయుడి వన్డే లెక్క 55 మ్యాచ్‌లు, 1694 పరుగులు, సగటు 47.05. ఈ అంకెలు పట్టుకుని కాశీబుగ్గలో వాదించినంత గట్టిగా గుంటూరులోనూ వాదించి ఉండరు. నా మటుకు నాకు ఇందులో చిత్రంగా తోచినది వేరు. మన పద్యనాయకుడికీ రాయుడికీ పోలిక లేదు. ఒకడికి బ్యాటు ఒక్కటే కొలత, ఇంకొకడికి ఫీల్డింగు ఒక్కటే. ఇద్దర్నీ పక్కన పెట్టిన కారణం మాత్రం ఒకటే: కాగితం మీద మూడు గడులుంటే రెండు ఖాళీగా కనబడ్డాయి.

పూర్వపక్షం తిప్పికొట్టడానికి అదే టోర్నమెంటు చాలు. న్యూజిలాండ్ మార్టిన్ గప్టిల్ ఓపెనరు. పది మ్యాచ్‌ల్లో కలిపి 186 పరుగులు. సెమీఫైనల్లో చేసింది ఒక్కటి. బ్యాటు గడి చూసి లిస్టు రాసేవాడైతే జులైకల్లా అతన్ని అరటిపండని అనేవాడు. జులై 10న, ధోనీ యాభైకి చేరి రెండో పరుగుకి వెనక్కి తిరిగినప్పుడు, దూరం నుంచి అతను విసిరిన బంతి సూటిగా వికెట్లకి తగిలింది. మనం 18 పరుగుల తేడాతో ఓడాం. ఆ రాత్రి ఉద్దానంలో టీవీలు ఎంత నిశ్శబ్దంగా ఆగిపోయాయో నాకు గుర్తుంది. మన పద్యనాయకుడొక్కడే, “ఏం ఇసిరీసేడ్రా బావూ!” అని మెచ్చుకుని అందరిచేతా తిట్లు తిన్నాడు.

మరో సమాధానం: ఆటలో ఒక జాతి మనిషికి మొదటి పాదమే చట్టం. క్రికెట్టు చట్టాల్లో 24వది సబ్‌స్టిట్యూట్ గురించి. అతను బ్యాటింగు చెయ్యరాదు, బౌలింగు చెయ్యరాదు. ఇప్పుడు ‘పట్టలేడు’ అన్నదాన్ని ‘పట్టరాదు’ అని చదువుకోండి. పద్యం శ్లేష అయింది. తెలియక రాశానని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఆ ప్రపంచకప్పులో జడేజాని చాలా మ్యాచ్‌లు బెంచీ మీదే కూచోబెట్టారు. జూన్ 30న ఇంగ్లండ్ మీద రాహుల్‌కి దెబ్బ తగిలితే సబ్‌గా దిగి, జేసన్ రాయ్ క్యాచి ముందుకి దూకి పట్టాడు. స్కోరుకార్డులో ‘సబ్’ అని రాసి, పక్కన బ్రాకెట్లో జడేజా పేరు వేశారు. చివరికి సెమీస్‌లో ఆడనిస్తే 59 బంతుల్లో 77 కొట్టాడు. మూడు కొలతలూ ఉన్నవాణ్ని అన్నాళ్లు ఒక్క కొలతకి వాడారు.

ఇక ఐపీఎల్ వాళ్లు 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ అని పెట్టి తగాదానే రద్దు చేశారు. బ్యాటు పట్టినవాడు లోపలికి, బంతి వేసేవాడు బయటికి. ఆ మార్చి 31న అహ్మదాబాదులో మొట్టమొదటిసారి చెన్నై వాళ్లు ఈ మార్పు చేసినప్పుడు దేశ్‌పాండేకి చోటిచ్చి లోపలికి వెళ్లినవాడు ఎవరనుకున్నారు? రాయుడే. ఆ కళ్లద్దాలు అప్పటికి ఎక్కడున్నాయో.

ఈ జిల్లాకి పేరు తెచ్చిన ఆటలో ఈ రభసే లేదు. ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తింది, కంచు పతకం తెచ్చింది. బరువు లేచిందా లేదా, అంతే. ఆ ఆటకి టీకా రాయబోయి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను.

సిద్ధాంతం: మైదానాన్ని బట్టి మనిషి. చుట్టూ తాడు కట్టిన పట్నం మైదానంలో బంతి తెచ్చేవాడికి చోటివ్వనక్కర్లేదు, తాడు దాటిన బంతిని ఎవడు తెచ్చినా నాలుగే. మా తూర్పు తోటకి తాడు లేదు. అక్కడ వాడు ఎనిమిదో బ్యాట్స్‌మన్ కన్నా ఖరీదైనవాడు. ఆ ఎనిమిదోవాడు కెప్టెనుకి తోడల్లుడని నేను ఇక్కడ రాయడం లేదు.

తాత్పర్యము

వాణ్ని తీసుకోలేదు.

గద్యము

మ్యాచి నాలుగో ఓవరులో బంతి తూర్పు తోటలో పడింది. కెప్టెనే పరిగెత్తాడు. కాపలామనిషి “ఎవల్రా?” అంటే, కెప్టెను తన ఇంటిపేరుతో సహా చెప్పుకున్నాడు. అది పనిచెయ్యలేదు. జేబులు చూపించమన్నాడు. చూపించేసరికి అవతలివాళ్లు ఏడు పరిగెత్తారు. తర్వాతి ఓవరుకల్లా తోడల్లుడికి కాలు పట్టేసింది. నిజంగానే పట్టేసిందా అని అంపైరు అడగలేదు. గట్టు మీద ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తింటున్న మన నాయకుణ్ని పిలిచారు. పొట్లం పక్కవాడికిచ్చి దిగాడు.

ఆరో ఓవరులో మళ్లీ తూర్పే. “నానే మావా!” అన్న కేక మాకు వినబడింది, మనిషి కనబడలేదు. మూడో పరుగుకి తిరిగినవాడు సగం దూరంలో ఉండగా తోట అంచు నుంచి బంతి వచ్చి వికెట్లని తాకింది, ఒక ఆకు దానికంటే వెనకగా రాలింది.

మ్యాచి అయ్యాక వాడు స్కోరుబుక్కు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. చొక్కా మీద జీడిపండు మరక, అది ఇంక పోదు. రనౌట్, సబ్, అని రాసి ఉంది.

“నా పేరేదన్నియ్యా?” అన్నాడు.

“సబ్బంటే నువ్వే కదరా” అన్నాడు స్కోరరు.

పక్కన బ్రాకెట్టు పెట్టి పేరు రాస్తారని, పెద్ద మ్యాచ్‌ల్లో అదే పద్ధతని, టీకాకారుడి హోదాలో నేను కలగజేసుకున్నాను. స్కోరరు పెన్ను తీసి గడి కొలిచి చూశాడు. అంత పేరు పట్టదన్నాడు.